‘గ్యాస్ లేదు’ అని రాసిన సర్దార్ తాత

మా పక్క క్వార్టర్ సర్దార్ తాత పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. నేను పొయ్యి మీద అన్నం గిన్నె పెడుతుంటే ఆయన కోడలు గుమ్మం దగ్గరికి వచ్చి, "మామ పోయిండు చెల్లె" అంది. పొయ్యి ఆపి ఆమె వెంట వెళ్లాను.

తాత గోదావరిఖని బొగ్గు బావుల్లో ముప్పై ఏళ్లు మైనింగ్ సర్దార్‌గా పనిచేశారు. షిఫ్టు మనుషుల కంటే ముందు లోపలికి పోయి, అంటుకునే గ్యాస్ ఉందా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసి, రిపోర్టు పుస్తకంలో సంతకం పెట్టడం ఆయన పని. ఆ సంతకం పడ్డాకే మిగతావాళ్లు పనిలోకి దిగేవారు.

నేను ఏడో తరగతితో చదువు ఆపేశాను. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో నల్లా దగ్గర కూడా నోరు విప్పేదాన్ని కాదు. తాతకు కళ్లు మసకబారాక, ఆయనకు పేపర్ చదివి పెట్టమని కోడలు నన్ను అడిగింది. ఆయనకు చెవులూ అంతంతమాత్రమే. నా గొంతేమో నాకే వినపడదు.

"బావిల దిగినవా ఏంది, గట్ల లోపట్నుంచి మాట్లాడుతున్నవ్? జర పైకొచ్చి చదువు" అనేవారు.

ఆయనకు ఎన్నికల వార్తలు అక్కర్లేదు. సైన్సు పేజీ కావాలి. విశ్వంలో మనం చూడగలిగే పదార్థం కంటే చూడలేనిదే ఎన్నో రెట్లు ఎక్కువని ఒకరోజు చదివాను. దాన్ని కృష్ణ పదార్థం అంటారు. దాని కణం ఒక్కటైనా తగులుతుందేమోనని, శాస్త్రవేత్తలు జినాన్ అనే గ్యాస్‌ను ద్రవంగా మార్చి, భూమి లోపల పాత గనిలో పెద్ద తొట్టి నిండా పెట్టి కాపలా కాస్తున్నారట. ఆకాశం నుంచి పడే మిగతా కణాలను పైనున్న రాయి ఆపుతుందని అంత లోతుకు వెళ్లారట.

తాత కుర్చీలోంచి లేచారు. "గ్యాసా? తీస్కపోయి బావిల పెట్టిండ్రా? ఆళ్లకు సర్దార్ లేడా?"

అది అంటుకునే గ్యాస్ కాదని ఆ కిందే ఉంది. ఆయన నమ్మలేదు. మూడుసార్లు చదివించారు. నా గొంతు బొంగురుపోయింది.

తర్వాత కూడా ఆ వార్తలు వస్తూనే ఉన్నాయి. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలనే కణాల జాడ ఆ తొట్టిలో లీలగా కనిపించిందట. కృష్ణ పదార్థం మాత్రం దొరకలేదు. "పాపం, ఇన్నేండ్ల కష్టం వట్టిదే" అన్నాను. తాతకు కోపం వచ్చింది.

"గ్యాస్ లేదని నేను రోజూ రాసిన. గదీ వట్టిదేనా? సూడకుంట లేదనుడు వేరు, సూసి లేదనుడు వేరు బిడ్డా."

ఈ ఏడాది మా కాలనీ బడిలో సైన్సు దినానికి ఆయనను మాట్లాడమని పిలిచారు. అప్పటికే ఆయనకు ఆయాసం. "నా బదులు ఈ పిల్ల వస్తది" అని పంతులమ్మకు మాట ఇచ్చేశారు. మా ఆయన ఒకటే నవ్వు. "నువ్వు బడిల మాట్లాడుతవా? కూరల ఉప్పు తక్కువైందంటెనే జవాబియ్యవు!"

తప్పించుకోవాలని ఎంతో చూశాను. తాత మాట పోతుందని వెళ్లాను. కృష్ణ పదార్థం గురించి రాసుకున్న కాగితం తల ఎత్తకుండా చదివేశాను. అంతలో ఒక అమ్మాయి లేచి, "ఏం దొరకకపోతే ఆళ్లు రోజూ ఏం జేస్తరు అక్కా?" అని అడిగింది. తరగతంతా నవ్వింది. కాగితంలో దానికి జవాబు లేదు. బయటికి వెళ్లిపోదామనుకున్నాను.

కాగితం మడిచి, సర్దార్ పని ఎట్లా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కో మూలా చూసుకుంటూ, ఇక్కడ లేదని రాస్తూ ముందుకు పోతాడని, చూడాల్సిన చోటు అట్లా తగ్గుతూ వస్తుందని, ఆ శాస్త్రవేత్తలూ అదే చేస్తున్నారని చెప్పాను. నవ్వులు ఆగాయి. ఆ అమ్మాయి తల ఊపి కూర్చుంది.

బయటికి వస్తే, బడి మెట్టు మీద తాత కూర్చుని ఉన్నారు. ఆటోలో వచ్చారట.

"వినబడ్డదా తాతా?"

"పిల్లలు నవ్వింది ఒక్కటే వినబడ్డది. నువ్వేం జెప్పినవో ఒక్క ముక్క తెల్వలే. మళ్ల చెప్పు."

పక్కనే కూర్చుని మొదటి నుంచి చెప్పాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని నా వైపు ఒరిగారు. ఫస్ట్ షిఫ్టు దిగి బండ్ల మీద పోతున్న మనుషులు తిరిగి తిరిగి చూశారు. నేను గొంతు తగ్గించలేదు.