శుక్రవారం సెలవు లేనివాళ్ళు

ఈ అరబ్బు దేశంలో నా గది ఉన్న రిగ్గై వెళ్ళే బస్సులో ఉన్నాను. చేతిలో మందుల సంచి, చొక్కా జేబులో సిగరెట్ పెట్టె. అల్ రాయ్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన రెండింటినీ చూశాడు. గ్యారేజీలో కార్ల తుప్పు గీకే మనిషి. గోళ్ళ సందుల్లో ఆ ఎర్రపొడి ఇంకా ఉంది. మాట రాయచోటి వైపుది.

“ఏం మందులన్నా?”

“విటమిన్లండి. మనం పీల్చే గాలి నుంచే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అని పుడతాయంట. లోపల కణాల్ని పాడుచేస్తాయంట. పొగ తాగితే మరీ ఎక్కువంటండి. డాక్టరు గారు కేకలేశారు.”

“గాలికి ఇనుము తుప్పు పట్టినట్టే గదా! తుప్పు గీకకుండా పెయింటేస్తే నిలబడతాదా అన్నా?” నా జేబు వైపు చూసి నవ్వాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. “లోపల గీకుడు కూడా జరుగుతానే ఉంటదంటండి. మనం పడుకున్నా సరే, ఒళ్ళే ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటదంట.”

ఆయన నవ్వు ఆగిపోయింది. పగుళ్ళు పట్టిన అరచేతిని తిప్పి తిప్పి, మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

“ఇరవై ఏండ్లుగా తుప్పు గీకుతాండా. నా లోపల కూడా పనోళ్ళు ఉండారా?” గొంతు బాగా తగ్గించి అడిగాడు. “వాళ్ళకు శుక్రవారం కూడా సెలవు లేదా అన్నా?”

తర్వాతి స్టాపులో ఆయన దిగిపోయాడు. ఊపిరి పీల్చడానికి కూడా మొహమాటపడుతూ నేను రిగ్గై చేరాను.

సిగరెట్లు పూర్తిగా మానలేకపోయాను. శుక్రవారాలు మాత్రం ముట్టను.