నూట ఇరవై కిలోల కింద సీసపు చుక్కలు

ముందే చెబుతున్నాను, నేను పులి అని రాస్తే మీరు పిల్లి అని చదువుకోండి. బస్సు వేళలు మాత్రం నిజం.

మా మేనకోడలు భార్గవి బెంగళూరులో పరిశోధన చేస్తుంది. హైదరాబాదు నుంచి వస్తూ మాచర్లలో మా ఇంట్లో ఒక రాత్రి ఉండి, నరసరావుపేట వెళ్ళాక ఫోన్ చేసింది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా మా బీరువా మీద మరిచిపోయిందట. మర్నాడు మధ్యాహ్నం రైలు లోపు అందాలి. అందులో పల్చటి రేకు, దాని మీద కంటికి ఆనని సీసపు చుక్కలు.

“బాగా చల్లబరిస్తే ఆ చుక్కలు అయస్కాంతపు బలాన్ని లోపలికి రానీయవు మావయ్యా. రేకు వంగితే ఎంత బలానికి లొంగుతాయో మారిపోద్ది. వంచిన రేకు నా దగ్గరుంది. దాంతో పోల్చడానికి ఈ వంచనిది కావాలి. నొక్కుకోకుండా తీసుకురా.”

పొద్దున ఏడింటికి మాచర్ల బస్టాండు చేరాను. కోటప్పకొండ తిరనాళ్ళ మొత్తం దారి తప్పి ఇటొచ్చినట్టుంది. మా వైపు కిటికీలోంచి కండువా వేస్తే సీటు మనదే, కోర్టు కూడా కాదనదు. నా కండువా ఇంట్లో ఉండిపోయింది. చేతిలో డబ్బా ఉంది. అదే వేశాను.

తోసుకుని ఎక్కేసరికి నా సీట్లో దాచేపల్లి సిమెంటు లారీ డ్రైవరు, నూట ఇరవై కిలోల మనిషి. బస్సు అటుపక్కకే ఒరిగిపోయింది. సీటు నాదని, డబ్బా వేశానని చెప్పాను.

“కండువా ఏస్తారు, చేరుమాలు ఏస్తారు. డబ్బా ఏంది బాబాయ్?” అన్నాడు.

ఎనిమిదింబావుకి గురజాల. అక్కడ ఇడ్లీ పొట్లం కొనడానికి లేచినప్పుడు కిందనుంచి డబ్బా బయటపడింది. మూత చదునుగా అణిగిపోయింది.

పదిన్నరకు నరసరావుపేట స్టేషన్లో భార్గవి డబ్బా తెరిచి చూసింది. రేకు తమలపాకులా వంగి ఉంది. డ్రైవరు సంగతి చెప్పాను. తను నోటుపుస్తకం తీసింది.

“ఎంత బరువుంటాడు?”

“నూట ఇరవై.”

“వంచనిది మళ్ళీ చేయించుకుంటాలే. ఎంత బరువు పడిందో తెలిస్తే ఇదీ పనికొస్తది,” అని రాసుకుంది.

తిరుగు బస్సు సగం ఖాళీ. అయినా మాచర్ల దాకా నిలబడే వచ్చాను. కండక్టరు రెండుసార్లు కూర్చోమన్నాడు, నడుం పట్టేసిందని చెప్పాను.

నిన్న భార్గవి ఫోన్ చేసింది. “అయస్కాంతం ఎంత బలం దగ్గర లోపలికి దూరతందో కొలిచా మావయ్యా. నూట ఇరవైకి లెక్క కుదరట్లా. రేకు అంత వంగలా. వారం నుంచి తల పగలగొట్టుకుంటన్నా.”

సిగ్నల్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ డ్రైవరు యాభై కిలోలుండడు. పాపం, బస్సెక్కింది మొదలు నిలబడే వచ్చాడు. డబ్బా సంగతి అడిగిందీ నిలబడే. నేను ఎక్కేసరికి సీటు ఖాళీగానే ఉంది. ఆ సంబరంలో చూసుకోకుండా కూర్చున్నది నేను.

పొద్దున మిరపకాయల కాటా ఎక్కి చూసుకున్నాను. డెబ్బై ఎనిమిది. ఈ ఒక్క అంకెకు నేనేమీ కలపలేదు. దిద్దుకో తల్లీ.