ఇసుక గుంటలో ఇళ్ళు

రేపే మండలం ఆటల పోటీలు. పోయినేడు మా ఊరి బడి ఆఖరు. ఈసారి లాంగ్ జంప్ నేను నేర్పుతానని ఎగేసుకుంటూ వెళ్ళి, బుల్లి గుంట తవ్వి, ఇసుక పోసి, ధైర్యం గురించీ సమాజం గురించీ ఓ ఉపన్యాసం దంచేను. ఈలోగా రెండో తరగతి బుడతలు గుంట నిండా పిచ్చుక గూళ్ళు కట్టేసేరు. ఈల ఊదితే దూకాల్సిన పిల్లలు ఒక్కొక్కరూ పరుగెత్తుకొచ్చి, గీత దగ్గర టక్కున ఆగిపోతున్నారు.

"దూకరేమర్రా!" అని అరిచేను.

"ఇళ్ళు పడిపోతాయండీ అన్నయ్యగారూ," అంది సత్యవేణి.

"పడితే పడనీ! మళ్ళీ కట్టుకోవచ్చు."

"మొన్న కాలవగట్టు మీద పాకలు పీకేత్తా ఆఫీసరుగారు కూడా అదే అన్నారండి. మీరాయన్ని తిట్టేరు కదండీ?"

"ఆయ్!" అన్నారు పిల్లలంతా.

తిట్టింది మైకులో మరి!

"సరే, ఇళ్ళకి తగలకుండా దూకండి," అన్నాను. సత్యవేణి గౌను ఎగ్గట్టుకుని పరుగెత్తి, ఊరు ఊరంతా దాటేసి అవతల గడ్డిలో పడింది. మోకాలు చెక్కుకుపోయింది గానీ ఒక్క గూడూ చెదరలేదు.

రేపు పోటీల్లో గుంట ఖాళీగా ఉంటుంది. తెల్లారకుండానే వెళ్ళి ఇళ్ళు నేనే కట్టి రానా? సలహాలు చెప్పండి. తిట్లు మాత్రం మైకులో వద్దు.