పదికి సున్నా

పొద్దున ఒకటో తరగతి గదిలో అడుగు పెట్టేసరికి ట్యాబ్‌లోంచి దబ్‌మని చప్పుడు, వెంటనే పిల్లల నవ్వులు. చెట్టు మీది కోతి కింద పడిందన్నమాట. లెక్కలు నేర్పే ఆ వెబ్‌సైట్‌లో ఎన్ని మార్పులొచ్చినా ఆ చప్పుడు మాత్రం మారలేదు. అది వినగానే నాకు రజియా టీచర్ గుర్తొస్తారు. కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

మెదక్‌లోని మా ప్రాథమిక పాఠశాలకు నేను కొత్తగా వచ్చేనాటికి ఆమె రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. పాస్‌వర్డ్ కొట్టమంటే ముందు కళ్ళజోడు వెతుక్కునే మనిషి. నాకేమో కంప్యూటర్ వచ్చునని మిడిసిపాటు. పిల్లలు ట్యాబ్ పట్టుకున్నప్పుడు నేను చివర్లో వచ్చే మార్కులు చూసేవాణ్ణి. ఆమె పొట్టి పీట వేసుకుని ఎదురుగా కూర్చుని పిల్లల ముఖాలు చూసేవారు. తెర మీద ఏముందో అర్థంకాక అలా కూర్చుంటున్నారని అనుకునేవాణ్ణి.

ఆ వెబ్‌సైట్ కొన్ని పండ్లు చూపించి ఎన్ని ఉన్నాయని అడుగుతుంది. కింద మూడు అంకెలు, అందులో ఒకటి నొక్కాలి. అక్షిత అనే పిల్లకు మూడు రోజులు వరసగా పదికి సున్నా వచ్చింది. అడిగితే నోరు విప్పదు. నేను వెనకా ముందూ చూడకుండా వాళ్ళమ్మ లక్ష్మిని పిలిపించాను. పిల్లకు అంకెలు ఎక్కడం లేదు, ఇంకో ఏడాది ఆగి బడికి పంపమన్నాను. లక్ష్మి సొంతూరు ఎల్దుర్తి. పిల్ల చదువు కోసమే ఇక్కడ కిరాయి గదిలో ఉంటూ హోటల్లో పనిచేస్తోంది.

"మీరు చెప్తే గంతే సారూ. రేపు మా అమ్మ దగ్గర దింపొస్త," అంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఈ సంగతి రజియా టీచర్‌కు చెప్పాను, ఏదో ఘనకార్యం చేసినట్టు. ఆమె అన్నం కలపడం ఆపారు.

"మూడిట్ల ఒకటి నొక్కుడే గద బేటా. కండ్లు మూసుకొని కొట్టినా రెండు మూడన్న తగలాలె. ఒక్కటి సుత తగల్లేదంటే ఏంది లెక్క?"

ఆమె చేయి కడుక్కుని, అక్షితను పీట పక్కన కూర్చోబెట్టుకుని ట్యాబ్ చేతికిచ్చారు. ఆ గొంతులో పరీక్ష పెట్టే ధోరణి లేదు. "ఎట్ల ఆడుతున్నవో నాకు సుత చూపియ్యి బిడ్డా," అన్నారు. తెర మీద నాలుగు మామిడిపండ్లు. పిల్ల వేలు నాలుగు మీదికి వెళ్ళి, ఆగి, ఆరు నొక్కింది. కోతి దబ్బున పడింది. అక్షిత పకపకా నవ్వింది.

"నాలుగే గద?" అన్నారు టీచర్.

"నాలుగే టీచర్. గది నొక్కితే ఉత్త చప్పట్లే. తప్పు నొక్కితేనే కోతి పడ్తది."

పదికి పదీ తప్పు నొక్కాలంటే పదీ వచ్చి ఉండాలి. ఆ చిన్న ముక్క తట్టనందుకు నాకు తల కొట్టేసినట్టయింది. "వాళ్ళమ్మ బస్సెక్కకముందే పోయి చెప్పు," అన్నారు టీచర్.

బడి వదలగానే లక్ష్మి గదికి వెళ్ళాను. అప్పటికే పిల్ల బట్టలు సంచిలో సర్ది ఉన్నాయి. తప్పు నాదేనని, అక్షితకు అంకెలన్నీ వచ్చునని చెప్పాను. లక్ష్మి సంచి వైపు చూస్తూ నిలబడింది.

"నాకు సదువు రాదు సారూ. మీరన్నది నిజమే అనుకున్న."

తిట్టినా బాగుండేది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మర్నాడు అక్షిత అందరికంటే ముందే బడికొచ్చింది.

రజియా టీచర్ ఇప్పుడు బతికి లేరు. పీట మాత్రం మా గదిలోనే ఉంది. అడిగి తెలుసుకోవలసినవి ఆమెను ఎన్నో అడగలేదని బాధపడుతుంటాను.

ఇవాళ కోతిని పడేసింది మీనా అనే కొత్త పిల్ల. స్కోరు చూశాను, సున్నా. పెన్ను జేబులో పెట్టేసి, పీట లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను.

"నాకు సుత చూపియ్యి బిడ్డా," అన్నాను.