చెప్పులు కుట్టినాయన పేరేంది?

మా ఉస్తాద్ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. మధ్యాహ్నం అన్నం తిని రూమ్‌లో నడుం వాల్చిన మనిషి నాలుగింటి డ్యూటీకి లేవలేదు. గల్ఫ్‌లో, మబేలాలోని మా గ్యారేజీ వాట్సాప్ గ్రూపులో "ఉస్తాద్ గయా" అని రెండు ముక్కలు వచ్చాయి. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు నలభై దాకా పడ్డాయి. ఆ నలభై మందిలో ఆయన పూర్తి పేరు తెలిసినవాళ్లు ముగ్గురో నలుగురో. నాకు తెలుసు. తెలిసే దాచాను. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

గ్యారేజీలో గుమస్తాని కాబట్టి ఆసుపత్రిలో కాగితాలు నింపే పని నాకే పడింది. వృత్తి అన్నచోట ఆయన లేబర్ కార్డులో ఉన్నదే రాయాలి. 'వ్యవసాయ కూలీ' అని రాశాను. ఇరవై రెండేళ్ల కింద జగిత్యాల నుంచి తోటపని వీసా మీద వచ్చాడు. ఏజెంటు దగ్గర ఆ రోజు అదే దొరికిందట. తోటలో ఒక్క పూట కూడా పని చేయలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని జబ్బు చెప్పే మనిషి ఆయన. "బండి మూగది గాదు తమ్మీ, మనమే చెవిటోళ్లం" అనేవాడు. అలాంటివాడు చచ్చేదాకా కాగితం మీద మడి దున్నుతూనే ఉన్నాడు.

కోపం ముక్కు మీదే. తీసుకున్న స్పానర్ తుడవకుండా పెట్టినవాణ్ణి అమ్మా ఆలీ గుర్తొచ్చేలా తిట్టేవాడు. అన్నం దగ్గర మాత్రం మెత్తబడేవాడు. ఫోన్‌ను పాత బ్యాటరీకి ఆనించి, మొట్టమొదటి కార్లు చేసినవాళ్ల వీడియోలు చూసేవాడు. ఆయనకు దేవుళ్లు వాళ్లే. ఒక కథ మాకందరికీ కంఠతా వచ్చేసింది. మొదటి కారు చేసినాయన, ఎవరూ కొనడం లేదని దిగులుపడి కూచుంటే, ఆయన భార్య చెప్పాపెట్టకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని పుట్టింటికి బయల్దేరిందట. ఇంధనం మందుల షాపులో కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకులు అరిగితే దారిలో చెప్పులు కుట్టే ఆయనతో తోలు వేయించింది. సరిగ్గా అక్కడికి రాగానే ఉస్తాద్ ముద్ద ఆపేవాడు.

"కారు చేసినాయన పేరు ఎర్కే. ఆమె పేరు గూడ ఎర్కే. మరి ఆ చెప్పులు కుట్టినాయన పేరేంది?"

"నాకేం తెలుసు ఉస్తాద్!"

"ఎవ్వనికీ తెల్వది. గదే చెప్తున్న."

ఖర్జూరం తోటల దారుల్లో తిరిగే పికప్‌లకు దుమ్మే పెద్ద శత్రువు. ఎయిర్ ఫిల్టర్ ఊరికే పూడుకుపోయేది. గాలి ఆ ఫిల్టర్ దాకా పోకముందే దుమ్ము కింద పడిపోవాలని ఉస్తాద్ ఒక పాలపొడి డబ్బా కోసి, గొట్టాలు అతికించి నెలల తరబడి కుస్తీ పట్టాడు. కుదరలేదు. ఒకరోజు టీ తాగుతూ నేను ఏదో అనాలని అన్నాను. "గొట్టం నేరుగా ఎందుకు పెడ్తావు ఉస్తాద్, పక్కగా పెట్టు. మా ఊరి రైస్ మిల్లులో ఊక అట్లనే గిరగిర తిరిగి కింద పడ్తాది."

"ఓరి నీ! ఇన్నొద్దులు ఏడున్నవ్ రా?" అని వీపు మీద ఒక్కటిచ్చాడు. నేను టీ గ్లాసు కడిగేసి ఆ సంగతి మర్చిపోయాను.

అట్లా గొట్టం పక్కగా పెట్టి చేసిన మొదటి డబ్బా అల్ సువైక్ తోట పికప్ ఒకదానికి బిగించాడు. ఫిల్టర్ నెలల తర్వాత కూడా శుభ్రంగా ఉంది. ఇంకేం, "ఉస్తాద్ డబ్బా" కావాలంటూ బండ్లు వరస కట్టాయి. గ్యారేజీ నడిపే సేట్ తెలుగువాడే, మనవాడే. డబ్బాను స్టీల్‌లో చేయించి, పైన గ్యారేజీ పేరు గుద్దించి, ప్రచారానికి రంగుల కాగితం అచ్చు వేయించాడు. ఆ కాగితం రాసింది నేను.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అన్నేళ్లలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదొక్కసారే.

"తమ్మీ, అండ్ల నా పేరొకటి ఎయ్యి. కింద అయినా సరే, సిన్నగ."

"నీ కార్డులో ఏముందో తెలుసు కదా ఉస్తాద్. తోట మనిషికి గ్యారేజీలో ఏం పనని అడిగితే? నిన్ను ఇంటికి పంపిచ్చేస్తారు."

"మంచిది" అని వెళ్లిపోయాడు.

నేను చెప్పింది నిజమే. కానీ సేట్‌ను అడిగి చూస్తానని ఒక్క మాటైనా అనలేదు. కార్డు సరిచేయించమని అడిగే దమ్మూ లేకపోయింది. 'మా ఇంజినీర్ల బృందం తయారుచేసినది' అని టైప్ చేశాను. మా గ్యారేజీలో ఇంజినీరన్నవాడు ఒక్కడూ లేడు. ఆ తర్వాత ఉస్తాద్ చెప్పులు కుట్టినాయన కథ మళ్లీ ఎత్తలేదు. నాకూ అడగడానికి ముఖం చెల్లలేదు.

మొన్న గురువారం అల్ సువైక్ నుంచి ఆ పాత పికప్ వచ్చింది. పాత డబ్బా తీసి స్టీల్‌ది పెట్టమన్నాడు సేట్. ఉస్తాద్ చేతి పని కదా, నేనే విప్పుతానన్నాను. అడుగు మూత ఊడదీసి దుమ్ము దులిపితే, దాని లోపలివైపు మేకుతో గీకిన తెలుగు అక్షరాలు కనిపించాయి. ఆయన పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద నా పేరు.

టీ తాగుతూ మాట వరసకు అన్న ఒక్క మాటకు నా పేరు పెట్టాడాయన.

ఇప్పుడైనా ఆయన పేరు రాయొచ్చు కదా అని మీరడగొచ్చు. అలాంటి కార్డులతో మా గ్యారేజీలో ఇంకా ముగ్గురున్నారు. పేరు బయటపడితే ఆరా వాళ్ల దాకా వస్తుంది. చూశారా, ఈ రోజుకీ నా దగ్గర సాకు సిద్ధంగానే ఉంది.

మూత నాకిచ్చేయమని ఆ పికప్ తెచ్చిన బంగ్లాదేశీ డ్రైవర్‌ను బతిమాలాను. "నహీ భాయ్, యహీ అచ్ఛా హై. నయా నహీ మాంగ్తా" అని, ఇదే బాగుంది కొత్తది వద్దంటూ నా చేతిలోంచి లాక్కున్నాడు. డబ్బాకు తనే బిగించుకుని, మట్టి దారి పట్టి వెళ్లిపోయాడు. బండి వెనక దుమ్ము లేచింది. డబ్బా లోపల కూడా గిరగిర తిరిగి పడుతూనే ఉంటుంది, మా ఇద్దరి పేర్ల మీద.