కోచ్ హోలిస్‌ని ఉంచాలా, మార్చాలా

ఆ వసంతమంతా మా లారెల్ బెండ్ ఊళ్ళో ఒకటే చర్చ. కాలేజీ బేస్‌బాల్ కోచ్ హోలిస్ బ్రాన్నన్‌ని ఉంచాలా, మార్చాలా? చర్చి మెట్ల మీద అదే, కోళ్ళ ఫ్యాక్టరీ గేటు దగ్గర అదే. ఇక వెర్లన్ మంగలి దుకాణంలో అయితే చెప్పనక్కర్లేదు.

హోలిస్ మా కాలేజీకి ఆరుసార్లు లీగు కప్పు తెచ్చాడు. పదకొండేళ్ళ క్రితం దేశంలోని చిన్న కాలేజీలన్నిటినీ ఓడించి పెద్ద కప్పు కూడా తెచ్చాడు. కానీ గత నాలుగేళ్ళుగా వరస ఓటములే. నేను పదిహేడేళ్ళుగా ఆయనకి అసిస్టెంటుని. అందుకని క్షవరానికి కూర్చుంటే చాలు, వెర్లన్ నా మెడ చుట్టూ గుడ్డ కడుతూనే మొదలెట్టేవాడు.

"ఏం డెల్మర్, మీ ముసలాయన ఇంకా కప్పు పట్టగలడంటావా?"

"ఏ కప్పు?"

"కాఫీ కప్పేలేవయ్యా. పెద్ద కప్పుల సంగతి ఎప్పుడో మర్చిపోయాంగా!"

దుకాణమంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ ముందు రోజే హోలిస్ నా ఎదురుగా నిలబడి కప్పు పక్కన బల్లమీద కాఫీ ఒంపాడు. అది బల్లమీదుగా కారి బూట్ల మీద పడేదాకా ఒంపుతూనే ఉన్నాడు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. హోలిస్ తండ్రి కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కొడుకు చెయ్యి బంగారమని ఊరంతా అనుకునేది. బంతి విసిరితే బ్యాటు పట్టినవాడికి గాలి శబ్దం మాత్రమే వినబడేదట. ఇరవయ్యో ఏట కాలేజీలో అప్పటి కోచ్ ఒకే రోజు రెండు ఆటల్లో అతనితో విసిరించాడు. మోచేతిలో ఏదో పటుక్కుమంది. ఆ తరవాత హోలిస్ ఆ చేతిని నిటారుగా చాపలేకపోయాడు. కోచ్ అయిన రోజున భార్య ఒలీటాకి ఒకే మాట ఇచ్చాడట: నా చేతుల మీదుగా ఎవడి చెయ్యీ పోదు.

ఆ మాట నిలబెట్టింది ఆయన చూపు. విసిరేవాడి మోచెయ్యి అలసటతో రెండు వేళ్ళ మందం కిందికి దిగితే చాలు, పక్కనున్న మాకెవరికీ తెలిసేది కాదు, ఆయనకి మైదానం అంచున మా జట్టు కూర్చునే డగౌట్ నుంచే తెలిసిపోయేది. పెద్ద కప్పు ఫైనల్లో కూడా గెలిపిస్తున్న కుర్రాణ్ణి బయటికి పిలిచేశాడు. జనం తిట్టారు. ఆయన వినలేదు. మేము గెలిచిందీ అలాగే. సీజన్ ముగిసే మే నెలకి మిగతా జట్ల చేతులు వాచిపోయేవి, మావాళ్ళవి తాజాగా ఉండేవి.

కాఫీ ఒలికిన వారానికి నేను హోలిస్ ఒక్కడే ఉన్న సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. "కోచ్, మీకు కనబడడం లేదు కదూ?"

ఆయన చేతిలోని బంతిని బుట్టలో వేశాడు. "మధ్యలో మసక. అంచుల్లో కనిపిస్తుంది. నీ చెవులు రెండూ కనబడుతున్నాయి డెల్మర్. మొహం లేదు."

"డాక్టరేమన్నాడు?"

"ఎడమది పోయిందన్నాడు. కుడిది దాని వెనకే వెళ్తోందట. అందుకే ఒలీటా కారు తోలుతోంది. మోకాలి నొప్పని అందరికీ చెప్తోంది పాపం." ఆయన గొంతు తగ్గింది. "మే దాకా ఆగు. ఈ ఒక్క సీజన్. ఈ గడ్డి మీంచి పక్కకి తప్పుకుంటే ఇంక అంతా చీకటే నాకు. అదంటేనే భయం. నువ్వు నా కళ్ళయి ఉండు."

నేను సరేనన్నాను. అనకుండా ఉండాల్సింది.

అప్పటినుంచి ప్రతి ఆటా నాకు గండమే. ఆయన పక్కనే నిలబడి చెవిలో చెప్పేవాణ్ణి, స్కోరెంత, ఎవడు ఎక్కడున్నాడు అని. ఎవరైనా చూస్తున్నారేమోనని నోటికి టోపీ అడ్డం పెట్టుకునేవాణ్ణి. కాలేజీ క్రీడల డైరెక్టరు మర్లీన్ హఫ్ గ్యాలరీ మెట్ల మీద కనబడితే ఆయనకి దూరంగా జరిగేవాణ్ణి. హోలిస్‌ని పంపేస్తే కొత్తగా వచ్చేవాడు తన అసిస్టెంటుని తానే తెచ్చుకుంటాడు, నన్నూ ఇంటికి పంపుతాడు. అబద్ధమెందుకు, ఆ భయం కూడా ఉంది.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం పక్క ఊరి కాలేజీతో ఆట. మా తరఫున విసురుతున్నది కీనన్ ఓట్స్, రెండో ఏడాది కుర్రాడు. తల్లి ర్వాండా బడి బస్సు తోలుతుంది. ప్రతి ఆటకీ వచ్చి మూడో వరసలో కూర్చుని వేరుశెనగలు తింటూ ఉంటుంది. మేము ఒక్క పరుగు ముందున్నాం. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఏడోది నడుస్తుండగా హోలిస్ అడిగాడు.

"కుర్రాడి మోచెయ్యి ఎలా ఉంది?"

నేను చూశాను. దిగింది. రెండు వేళ్ళు కాదు, మూడు వేళ్ళ మందం దిగింది. కానీ ఆ ఒక్క ఆట గెలిస్తే ఊరి నోరు మూతపడుతుంది. గుటక మింగాను.

"బాగానే ఉంది కోచ్."

ఆయన ఒక్క క్షణం నావైపు తల తిప్పాడు. తరవాత, "సరే, కానీ" అన్నాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కీనన్ విసిరిన బంతి బ్యాటు దగ్గరికే చేరలేదు. మధ్యలోనే నేలకి తగిలి దొర్లింది. కుర్రాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు, చెయ్యి పొట్టకి అదుముకున్నాడు. మైదానమంతా గప్‌చిప్ అయిపోయింది. అది ఎందుకో హోలిస్‌కి కనబడదు.

"ఏమైంది?" నా చొక్కా పట్టుకున్నాడు. "డెల్మర్, ఏమైంది? ఎందుకెవరూ మాట్లాడరు? చెప్పరా!"

ర్వాండా అప్పటికే మెట్లు దిగి పరిగెత్తుతోంది.

ఆ ఆట మేమే గెలిచాం. తరవాతి రెండూ గెలిచాం. నాలుగేళ్ళ తరవాత మొదటిసారి లీగు పోటీలకి అర్హత దొరికింది. ఊరు ఒక్కసారిగా ప్లేటు ఫిరాయించింది. కీనన్ మోచేతిలో లిగమెంటు చిరిగిందని ఆస్పత్రివాళ్ళు చెప్పినా, "ఆటన్నాక దెబ్బలు మామూలే" అన్నారు. వెర్లన్ ఈసారి గుడ్డ కడుతూ, "నేను మొదట్నుంచీ అదేగా అంటున్నా! ఆయనకి ఇంకో మూడేళ్ళు ఇవ్వాలయ్యా!" అన్నాడు.

హోలిస్ సంగతి తేల్చడానికి ఆ గురువారం పొద్దున పది గంటలకి కాలేజీ భోజనశాలలో ఊరందరితో మీటింగు పెట్టారు. ఆయన్ని ఉంచేస్తారని అందరికీ తెలుసు. లోపలికి వెళ్ళేముందు హోలిస్ కారులోంచి దిగలేదు. ఒలీటా నన్ను పిలిచింది. "నువ్వు మాట్లాడు నాయనా. లోపలికి రానంటున్నాడు."

తలుపు తీసి వెనక సీట్లో కూర్చున్నాను. తీసేస్తారని కాదు ఆయన బెంగ. "ఉంచేస్తారు డెల్మర్. అదే భయం. రేపు ఇంకో కుర్రాణ్ణి నిలబెడతాను. వాడి చెయ్యీ నాకు కనబడదు."

ఇక దాచలేకపోయాను. "కోచ్, ఆరోజు నేను చూశాను. మోచెయ్యి దిగింది. మీకు అబద్ధం చెప్పాను."

"నాకు తెలుసు."

ఆయన నావైపు తిరిగాడు.

"కళ్ళు పోయాయిగానీ చెవులు పోలేదుగా. గుటక మింగావు. విన్నాను. వినీ, వినలేదనుకున్నాను. నాకూ ఆ ఆట గెలవాలనిపించింది." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "నా చెయ్యి విరిచినవాణ్ణి నలభై ఏళ్ళు తిట్టుకున్నాను. వాడూ ఇలాగే అనుకుని ఉంటాడు, ఒక్క ఆటే కదా అని."

ఒలీటా ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. మర్లీన్ హఫ్ ఆయన్ని ఉంచుతున్నామన్న కాగితం చదవబోయింది. హోలిస్ లేచాడు.

"ఆగమ్మా. నన్ను మార్చండి. నాకు చూపు లేదు. మార్చి నుంచీ లేదు. లేకుండానే మీ పిల్లల్ని ఆడించాను. కీనన్ చెయ్యి నా వల్ల పోయింది."

నేనూ లేచి నా వంతు చెప్పాను.

వెర్లన్ వెనకనుంచి మెల్లగా, "కళ్ళద్దాలు పెట్టుకుంటే పోదా కోచ్?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మూడో వరసలోంచి ర్వాండా లేచింది. తిడుతుందనుకున్నాను. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరు చూస్తున్నారనేగా నేను నిశ్చింతగా కూర్చున్నాను" అని, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమే హోలిస్ స్థానంలో తుల్సా నగరం నుంచి ఒకతన్ని తెచ్చారు. నన్నూ తీసేశారు, న్యాయమే. ఇప్పుడు హైస్కూలు మైదానంలో గడ్డి కోస్తున్నాను. కీనన్‌కి ఆపరేషన్ అయింది. పద్నాలుగు నెలలకి మళ్ళీ బంతి పట్టాడు. డాక్టర్లు చెయ్యి బాగుందన్నారు. అయినా గట్టిగా విసరబోయేసరికి మధ్యలో చెయ్యి ఆగిపోతుందట. భయం. అతను కాలేజీ మార్చుకుని లెక్కలు చదువుతున్నాడు.

హోలిస్‌కి కుడికన్ను కూడా పోయింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ర్వాండాకి ఫోను చేస్తాడు. రెండేళ్ళు ఆమె ఎత్తలేదు. పోయిన నెల ఎత్తిందని ఒలీటా చెప్పింది. ఆమె ఏమీ అనలేదట, ఆయనా ఏమీ అనలేకపోయాడట. వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడుతూ కాసేపు అలాగే ఉండి, తరవాత ఆమె మెల్లగా ఫోను పెట్టేసిందట.