ఖాళీ మంచానికి రాసిన చార్టు

మా వార్డు నర్సుని అందరూ వేడిచేతులక్క అనేవాళ్లు. పేషెంటుని ముట్టుకునే ముందు అరచేతులు రెండూ బరబరా రుద్దుకునేది. "చల్లటి చెయ్యి తగిలితే ఉన్న ప్రాణం కాస్తా ఎగిరిపోదూ!" అని తనే నవ్వేది. నేను అక్కడ ఆయాని. పదహారు మంచాల మధ్య పదకొండేళ్లు ఆమె వెనకాలే తిరిగాను.

ఇద్దరు నర్సులు మానేశారు. వాళ్ల డ్యూటీలూ అక్క నెత్తినే పడ్డాయి. "మా ఆవిడ మా ఇంట్లో అద్దెకుంటోంది, అప్పుడప్పుడూ కనిపిస్తుంది" అని వాళ్లాయన క్యారేజీ ఇవ్వడానికొచ్చి వేళాకోళమాడేవాడు. మొదట్లో అక్క కూడా నవ్వేది.

తర్వాత నవ్వు పోయింది. "పెద్దమ్మా, చిట్టితల్లీ" అని పిలిచే మనిషి "ఆరో నంబరు, పదో నంబరు" అనడం మొదలెట్టింది. ఒకరోజు చూద్దును కదా, చేతులు రుద్దుకోకుండానే సూది పొడిచేసింది. అలసిపోయిందిలే అని సరిపెట్టుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

జ్వరం చూసిన ప్రతిసారీ థర్మామీటరు స్పిరిట్ దూదితో తుడిచి ట్రేలో పెట్టాలి. ఆ దూది రెండ్రోజులుగా ఎండిపోయి ఉంది. చార్టుల్లో మాత్రం అంకెలు పడుతూనే ఉన్నాయి. నాకు అక్షరాలు అంతంతమాత్రమే గానీ అంకెలు బాగా వచ్చు.

ఆ మధ్యాహ్నం తొమ్మిదో మంచం దగ్గర ఆగిపోయాను. అక్కడి ముసలమ్మ పొద్దున్నే ఇంటికెళ్లిపోయింది. పరుపు చుట్టి పెట్టింది నేనే. మంచానికి వేలాడే చార్టులో రెండు గంటల గడిలో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అని రాసుంది.

"అక్కా, తొమ్మిదిలో ఎవరూ లేరు."

"ఎందుకు లేరే? ఇప్పుడేగా చూసొచ్చాను."

రెక్క పట్టుకుని తీసుకొచ్చాను. ఉత్త ఇనప మంచం. అక్క చార్టు తిప్పి చూసుకుంది, రాత తనదే. నాకప్పుడు తట్టింది: ఇది ఉత్తుత్తిదైతే, మిగతా పదిహేను?

పదకొండో మంచం మీద కడుపు ఆపరేషనైన కుట్టుపని అమ్మాయి ఉంది. పొద్దున ఒళ్లు తుడుస్తుంటే చెయ్యి చురుక్కుమంది. కిటికీ ఎండనుకున్నాను. చార్టులో అదే తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. పరిగెత్తాం. పిల్ల పళ్లు టకటకలాడుతున్నాయి. అక్క చేతులు రుద్దుకోబోయి, ఆగి, థర్మామీటరు పెట్టింది. నూట నాలుగు.

డాక్టరు కుట్లు విప్పితే లోపలంతా చీము. "ఇంకో పూట ఆగుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను" అన్నాడు. ఆ పిల్ల బతికింది.

అక్క ఆ చార్టులన్నీ తీసుకుని హెడ్ నర్సు ముందు పెట్టింది. "నన్ను ఇంటికి పంపండమ్మా. ఈ చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నాను."

"రేపు నీ రెండు డ్యూటీలూ ఎవరు చేస్తారు మరి?" అందావిడ.

అక్క సెలవు చీటీ బల్ల మీద పెట్టి వచ్చేసింది. మెట్ల దగ్గర నాతో ఒక్క మాటే అంది: "దూది చూస్తుండవే."

ఇప్పుడు అక్క బదులు కొత్తగా వచ్చిన నర్సు పిల్ల రెండు డ్యూటీలూ చేస్తోంది. బంగారంలాంటి పిల్ల, చేరినప్పుడు వార్డంతా జోకులే. వారం నుంచీ నోరు విప్పడం లేదు. ఈ పొద్దున ట్రేలో దూది ముట్టుకున్నాను. పొడిగా ఉంది.

ఈసారి అలసటలే అనుకోలేదు. పదహారు మంచాల మీదా అందరి నుదుళ్లూ తడిమి, ఆ దూది గుప్పిట్లో పట్టుకెళ్లి హెడ్ నర్సు గది తలుపు కొట్టాను.

"తర్వాత రావే, పనిలో ఉన్నాను" అంది లోపల్నుంచి.

నేను కదల్లేదు. మళ్లీ కొట్టాను.